దక్షిణ ద్వారం త్వరలో తెరవబడును

దక్షిణ ద్వారం తెరుచుకున్న రోజునే మెళ్లో తాళి కట్టించుకుంటానని అప్పలనర్స ఒట్టు పెట్టుకున్నప్పుడు పైడిరాజు సంతోషంతో ఉక్కిరిబిక్కిరైపోయాడు. ఎంతలే, మహా అయితే రెండు నెలలు అనుకున్నాడు. అప్పుడు పెళ్లికని కుట్టించుకున్న చొక్కాకి ఇప్పుడు బొత్తాలు పట్టడం లేదు. ద్వారం మాత్రం ఇంకా మూసే ఉంది.

అదేదో గుడి ద్వారం అనుకునేరు, కాదు. అది కంప్యూటర్లో ఉంది. విశాఖపట్నంలో కెరటం అనే కంపెనీ తయారుచేసిన వీడియో గేము పేరు జలదుర్గం. సముద్రం మధ్యన ఒక కోట. ఆడేవాళ్లంతా సిపాయిలు. మూడు ద్వారాలు గెలిచినవాడికి నాలుగోది, దక్షిణ ద్వారం ఎదురవుతుంది. దానికో గొలుసు, గొలుసుకో తాళం, తాళం మీద ఒక పలక. పలక మీద 'త్వరలో' అని ఒక్కటే మాట. దాని వెనక ఉన్న భాగాన్ని తర్వాత విడుదల చేస్తామని, దాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారని కంపెనీ ప్రకటించింది. విస్తట్లో అన్నం పెట్టి, పప్పు పొయ్యి మీదుంది కూర్చోండి అనడం అన్నమాట.

ఆ కూర్చున్నవాళ్లలో పైడిరాజు ఒకడు. పడమటి ద్వారం కందకంలో మొసలి అతని కాలు పట్టుకున్నప్పుడు ముక్కూ మొహం తెలియని సిపాయి ఎవరో వచ్చి ఈటెతో పొడిచి విడిపించారు. ఆ సిపాయి పోర్టు దగ్గర లారీల బరువు తూచే కాటాలో పనిచేసే అప్పలనర్స అని తర్వాత తెలిసింది. మొసలి కలిపిన సంబంధానికి పెద్దలూ అడ్డు చెప్పలేదు. కులం ఒకటే, గోత్రాలు వేరు, ఇంక మొసలికేం తెలుసు అని తిట్టుకునే అవకాశం ఎవరికీ దొరకలేదు. సిపాయిలందరి ముందూ ఆటలోనే ఒట్టేసింది అప్పలనర్స. ఆమె మాట తప్పే మనిషి కాదు. లారీ కాటా ఎక్కాక ఓనరు బతిమాలినా, డ్రైవరు కళ్లనీళ్లు పెట్టుకున్నా ఎంత చూపిస్తే అంతే రాసే రకం.

"గేటు తియ్యకుండా తాళి కడతావేటి పైడిరాజూ? రేపు మన పిల్లలకేం మొహం చూపిస్తాం?" అనేది ఎప్పుడు కదిపినా.

నెలలు గడిచి సంవత్సరాలయ్యాయి. ఎదురుచూసే జనం తోచక ఊహలు మొదలుపెట్టారు. కంపెనీ అధిపతి వరహాలరాజు తెల్ల చొక్కా వేసుకుంటే పని అయిపోయిందనీ, గళ్ల చొక్కా వేసుకుంటే మళ్లీ మొదటికొచ్చిందనీ. లోపలికెళ్లే టీ ఫ్లాస్కులు పెరిగితే విడుదల దగ్గరపడిందనీ, అల్లం టీ అయితే బొమ్మలు గీసేవాళ్లకి జలుబు చేసిందనీ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ద్వారం వెనక ఉండే రాజుకి మీసాలుంటాయా ఉండవా అని రెండు వర్గాలై కొట్టుకున్నారు కూడా.

ఇంతలో ఒక అమావాస్యనాడు కంపెనీ గుమ్మానికున్న దిష్టి గుమ్మడికాయ మార్చారు. ప్రతి అమావాస్యకీ మార్చేదే. ఈసారి మాత్రం దాని పక్కన కట్టే నిమ్మకాయల్లో ఒకటి ఎక్కువైంది. అంతే, రేపే విడుదల అని ఊరంతా గుప్పుమంది. తెల్లారేసరికి కంపెనీ ముందు జనం, జనం వెనక జనం, బీచి రోడ్డు మొత్తం జామ్. ఆ జనంలో కొత్త పంచె కట్టుకుని మన పైడిరాజూ ఉన్నాడు. అదే రోడ్డులో మరుగుదొడ్ల ప్రారంభోత్సవానికి వెళుతున్న ఒక పెద్దాయన కారు ఇరుక్కుపోయింది. ప్రారంభోత్సవం జరగలేదు, పెద్దాయన అవసరమూ తీరలేదు. ఆ కోపంలో ఆయన, "ఈ ఊహలకి అడ్డూ అదుపూ లేదా?" అన్నాడు.

పెద్దవాళ్లు ప్రశ్న అడిగితే దానికి జవాబు చెప్పరు, ఆఫీసు కడతారు. అలా పుట్టింది ఊహాగానాల క్రమబద్ధీకరణ సంస్థ.

డైరెక్టరు నరహరిరావు గారు అంతకు ముందు తుఫాను పునరావాసంలో పనిచేసి, తుఫాను రాక ఖాళీగా ఉన్నారు. చేరిన రోజునే ఉపన్యాసం ఇచ్చారు. "ఊహ జాతి సంపద. సదరు సంపద ఇంతకాలము టీకొట్ల వద్దను, సెల్‌ఫోనుల యందును అవ్యవస్థీకృతముగా వృథా అగుచున్నది. ఇకమీదట లైసెన్సు లేని ఊహ శిక్షార్హము. మనసులో ఊహించుకొనుటకు ప్రస్తుతానికి మినహాయింపు కలదు."

ఆ సంస్థలో అసిస్టెంటు ఉద్యోగానికి పైడిరాజు ఇంటర్వ్యూకి వెళ్లాడు. డైరెక్టరు గారు ఒక్కటే అడిగారు.

"ఆ ద్వారము కొరకు ఎంతకాలముగా నిరీక్షించుచున్నారు?"

"చాలా ఏళ్లండి."

"ఆశ వదులుకున్నారా?"

"లేదండి."

"ప్రభుత్వ కార్యాలయమున పనిచేయుటకు ఇంతకు మించిన అర్హత లేదు," అని అక్కడికక్కడే తీసుకున్నారు.

లోపలుంటే విడుదల సంగతి అందరికంటే ముందు తెలుస్తుందన్నది పైడిరాజు ఆశ. అప్పలనర్సకి మాత్రం మొదటినుంచీ అనుమానమే. "కాటా రిపేరుకొచ్చినోడు ఎప్పుడూ కాటా బాగుచేసెల్లిపోడు, నెలనెలా వస్తాడు. చూసుకో," అంది.

పని మొదలైంది. నెలలోపు విడుదలవుతుందనేవి లఘు ఊహలు, ఏడాదిలోపు అనేవి మధ్యతరహా ఊహలు, అసలు కాదనేవి భారీ ఊహలు. భారీ ఊహలకి మిగతా శాఖల నిరభ్యంతర పత్రాలు కావాలి. కోటలోకి నీళ్లు వదిలే సన్నివేశం దగ్గర పని ఆగిపోయిందని గాజువాక నుంచి ఒకాయన ఊహిస్తే, దాన్ని నీటిపారుదల వాళ్లకి పంపారు. సదరు కోట తమ ఆయకట్టులో లేదని వాళ్లు తిప్పి పంపారు. ఆయకట్టులో లేని కోటలోకి నీళ్లెలా వస్తాయని డైరెక్టరు గారు ఆ ఊహను కొట్టేశారు.

రిటైరైన లెక్కల మాస్టారొకరు వచ్చి, "నాకేమీ ఊహ లేదండి, మా మనవడు పట్టుకొచ్చాడు," అన్నారు. ఆయన్ని శూన్య ఊహల కింద నమోదు చేసి, ఏటేటా వచ్చి ఇప్పటికీ ఏమీ తోచలేదని రుజువు చేసుకోమన్నారు. పాపం మాస్టారు ఇంటికి వెళ్లే దారిలో బహుశా దసరాకేమో అనుకున్నారు. అనుకుని, భయపడి, వెనక్కి వచ్చి లొంగిపోయారు.

లైసెన్సులుంటే పరీక్షలుండాలి, పరీక్షలుంటే కోచింగులుండాలి. ద్వారకానగర్ మెట్ల మీద కొత్త బోర్డులు లేచాయి. ఊహలో ఫౌండేషన్ కోర్సు, ఊహలో లాంగ్ టర్మ్, ఆడపిల్లలకు ప్రత్యేక హాస్టలు. మొదటి ర్యాంకు కుర్రాడి ఫొటోకి దండేసి వీధుల్లో తిప్పారు. వాడు జలదుర్గం ఎప్పుడూ ఆడలేదని, ఆడితే చదువు పాడవుతుందని తానే ముట్టుకోనివ్వలేదని వాళ్లమ్మ టీవీలో గర్వంగా చెప్పింది. ఊహించినవాళ్లు లైసెన్సుల్ని గోడలకి తగిలించుకున్నారు. పెళ్లి సంబంధాల్లో కుర్రాడికి మధ్యతరహా ఊహ ఉందా అని అడగడం మొదలైంది.

పురోహితులు మాత్రం ఎదురుతిరిగారు. రేపటి సంగతి చెప్పడం తరతరాలుగా తమ పని కదా, తమకీ లైసెన్సేమిటని ఆఫీసు ముందు శాలువాలు పరుచుకుని కూర్చున్నారు. అప్పుడే డైరెక్టరు గారి అమ్మాయి పెళ్లి ముంచుకొస్తోంది. శుభముహూర్తములు ఊహలు కావు, వాటిని అడ్డుకొనుటకు ఎవరికినీ అధికారము లేదు అని ఆయన ఆ సాయంత్రమే నిబంధన చేర్పించారు. ఆ పెళ్లిలో బియ్యపు గంగాళం తట్టుకుని, ముహూర్తం దాటిపోతోందని కేకలేస్తూ ఆయన చెప్పుల్లేకుండా పరుగెత్తడం ఆఫీసంతా చూసింది.

ఇదంతా సాగుతుండగా ఒక సోమవారం వరహాలరాజు ఆఫీసుకి వచ్చాడు. చేతిలో మాడుగుల హల్వా డబ్బా, ముఖంలో ఏళ్ల తరబడి నిద్రలేని సంతోషం.

"అయిపోయిందండి," అన్నాడు. "దక్షిణ ద్వారం పూర్తయిపోయింది. శుక్రవారం వదిలేద్దామనుకుంటున్నాం."

ఆఫీసులో ఫ్యాన్లు తప్ప అన్నీ ఆగిపోయాయి. పైడిరాజు గుండె మాత్రం తాషా మేళంలా మోగుతోంది. వచ్చే శుక్రవారం పెళ్లి, చొక్కాకి బొత్తాలు జరిపించుకోవాలి అనుకున్నాడు.

డైరెక్టరు గారు హల్వా ముక్క నోట్లో వేసుకుని, నమిలి, మింగి, అప్పుడడిగారు. "ఎవరి అనుమతితో పూర్తిచేసితిరి?"

"అంటే, మా గేమండి. మేమే..."

"శుక్రవారము విడుదలగునని ఊహించినవారు మా వద్ద ఎవరైననూ కలరా?"

గుమాస్తాలు వెతికారు. శుక్రవారాన్ని ఎవరూ ఊహించలేదు.

"చూచితిరా? లైసెన్సు పొందిన ఇన్ని ఊహలుండగా, ఏ ఒక్కరునూ ఊహించని దినమున మీరు విడుదల చేసినచో ఇవన్నియూ అబద్ధములగును. పౌరులు ప్రభుత్వము నుండి పొందిన ఊహలను అబద్ధము చేయు హక్కు మీకు లేదు. నిజమన్నది ఆమోదిత ఊహలకు లోబడి జరగవలెను."

వరహాలరాజుకి చెమటలు పట్టాయి. "పోనీ నేనే దరఖాస్తు పెట్టుకుంటానండి. శుక్రవారం విడుదలవుతుందని నేనే ఊహిస్తాను."

డైరెక్టరు గారు జాలిగా తల ఊపారు. "మీకు నిజము తెలియును. నిజము తెలిసినవారు ఊహించుటకు అనర్హులు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి అంతటితో ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే సిబ్బందితో కెరటం కంపెనీకి వెళ్లి, ఏ మీట నొక్కితే విడుదలవుతుందో చూపించమన్నారు. వరహాలరాజు తన ల్యాప్‌టాప్ మీద ఎంటర్ మీట చూపించాడు. కొవ్వొత్తి వెలిగించి, ఎర్ర లక్క కరిగించి, ఆ మీట మీద పోసి, అధికార ముద్ర వేశారు. సీలు విప్పే అధికారం డైరెక్టరు గారికి తప్ప ఎవరికీ లేదు. కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ అసిస్టెంటు పైడిరాజే. తన పెళ్లి మీద తానే లక్క పోయించుకున్నట్టయింది. కరిగిన మైనం బొటనవేలి మీద పడినా అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం ఆర్కే బీచిలో ముంత మసాలా పొట్లం చేతిలో పట్టుకుని పైడిరాజు జరిగిందంతా చెప్పాడు. "నర్సా, నాకు నీతో కాపరం కావాలి. ఆ గేటు ఏమైపోతే నాకేటి? ఒట్టు తీసి గట్టు మీద పెట్టెయ్."

అప్పలనర్స మరమరాలు నమిలింది. రోజూ సాయంత్రం ఆటలోకి వెళ్లి మూసిన ద్వారం ముందు అతని సిపాయి పక్కన తన సిపాయిని నిలబెట్టడం ఆమెకి మాత్రం సరదానా? కానీ మాటంటే మాట.

"ఒట్టు ఒట్టే," అంది చివరికి. "అది సరేగాని, మీ రూల్లో ముహూర్తం ఊహ కిందకొస్తదా?"

"రాదు. మా డైరెక్టరే రాయించాడు. ముహూర్తాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు."

"మరింకేటి? పెళ్లికి ముహూర్తం పెట్టిద్దాం. తాళి ముందు గేటు తియ్యాలని నా ఒట్టు కదా, అదీ లగ్నపత్రికలోనే రాయిద్దాం."

పైడిరాజు నోట్లో పల్లీ అలాగే ఉండిపోయింది.

పురోహితుడు సోమయాజులు గారు వీడియో గేము అంటే ఏమిటో అడగలేదు. ద్వారం ఏ దిక్కుకో అడిగారు. దక్షిణమంటే కాస్త ఇబ్బందే, అయినా తిథి బాగుంది గనక సర్దుకుంటుందన్నారు. ఉదయం లగ్నంలో ముందు ద్వారోద్ఘాటనం, వెంటనే మాంగల్యధారణ అని పసుపు పూసిన కాగితం మీద రాసిచ్చారు. శుభలేఖలు అచ్చయ్యాయి. మొదటిది డైరెక్టరు గారికే అందింది.

ఆయన దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "ముహూర్తమును తిరస్కరించు అధికారము నాకు లేదు. అంగీకరించు అధికారమూ లేదు. కావున పరిశీలించెదను."

"పెళ్లి దాకా పరిశీలిస్తారాండి?"

"పెళ్లికి వచ్చి అచ్చటనే పరిశీలించెదను. భోజనములు ఎవరివి?"

పెళ్లిరోజు పొద్దున్నే కల్యాణమండపం కిక్కిరిసిపోయింది. ఆడపెళ్లివారు, మగపెళ్లివారు, వెనక కుర్చీల్లో ఎవరి తరఫో తెలియని జలదుర్గం సిపాయిలు. ఆఫీసు సిబ్బంది మొత్తం టిఫిన్ల వేళకే వచ్చేశారు. వేదిక వెనక వీడియోలు చూపించడానికి పెట్టిన పెద్ద తెరకి తన ల్యాప్‌టాప్ కలిపి, ఎంటర్ మీద ఎర్ర లక్కని చూసుకుంటూ వరహాలరాజు ఒక మూల కూర్చున్నాడు. తెర మీద దక్షిణ ద్వారం, గొలుసు, తాళం, పలక. పలక మీద అదే మాట. డైరెక్టరు గారు పట్టుపంచె కట్టుకుని ముందు వరసలో పరిశీలిస్తున్నారు.

జీలకర్ర, బెల్లం సిద్ధమయ్యాయి. సోమయాజులు గారు తలెత్తి, "దక్షిణ ద్వారం తెరిపించండి నాయనా," అన్నారు.

అందరూ డైరెక్టరు గారి వైపు తిరిగారు.

"పరిశీలనలో ఉన్నది," అన్నారాయన కదలకుండా.

"తొందరగా కానివ్వండి, ముహూర్తం దాటిపోతోంది."

పీటల మీద పైడిరాజు ఊపిరి బిగబట్టాడు. మధ్యన పట్టిన అడ్డుతెర అవతల అప్పలనర్స తలొంచుకునే ఉంది గాని ఆమె వేళ్లు కొబ్బరిబోండాన్ని నొక్కిన నొక్కుకి పసుపు ఊడొచ్చేస్తోంది. ఇప్పుడు తెరుచుకోకపోతే ఆమె పీటల మీంచి లేచిపోతుందని ఇద్దరికీ తెలుసు.

పైడిరాజు పిన్ని సన్యాసమ్మ ముందు అందుకుంది. "అయ్యో బాబూ, ముహూర్తం దాటిపోతంది." ఆమె పక్కన వియ్యపురాలు అందుకుంది. తర్వాత ఎవరు అన్నారో తెలియదు, మండపమంతా అదే మాట. వంటవాళ్లు గరిటెలతో వచ్చి అన్నారు. ఫొటోగ్రాఫరు అన్నాడు. ఎందుకు దాటిపోతోందో తెలియని సిపాయిలూ అన్నారు. సోమయాజులు గారు మేళగాళ్ల వైపు వేలు ఆడించారు. గట్టిమేళం లేచింది.

తెలుగువాడు దేన్నైనా వాయిదా వేస్తాడు. బిల్లు కట్టడం, పన్ను పీకించుకోవడం, అప్పు తీర్చడం. కానీ గట్టిమేళం మధ్యలో ముహూర్తం దాటిపోతోందన్న కేక వినబడ్డాక నిమ్మళంగా కూర్చున్న తెలుగువాడు ఇంకా పుట్టలేదు. డైరెక్టరు గారి మోకాళ్లు ముందు లేచాయి, తర్వాత ఆయన లేచారు. చెప్పుల్లేకుండా పరుగెత్తారు. దారిలో బియ్యపు గంగాళం ఉంటే దాన్నీ తట్టుకున్నారు. "ముహూర్తం దాటిపోతుంటే అందరూ చూస్తూ కూర్చున్నారేమయ్యా, బుద్ధి లేదా?" అని అరిచారు. ఆఫీసు భాష మరిచిపోయి మనిషిలా అరిచారు. బొటనవేలి గోటితో లక్క పెళ్లగించి, వరహాలరాజు చెయ్యి పెట్టేలోపే తానే ఎంటర్ మీద ఒక్క గుద్దు గుద్దారు.

తెర మీద గొలుసు తెగిపడింది. పలక రెండు ముక్కలైంది. ఏళ్ల తరబడి మూసుకున్న తలుపులు కిర్రుమంటూ విడిపోయాయి, లోపల్నుంచి సముద్రం నీలంగా వెలుగుతూ కనిపించింది. సిపాయిలు కుర్చీలెక్కి ఈలలు వేశారు. రాజుకి మీసాలున్నాయి. మీసాల వర్గం వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఏడ్చారు. ఆ గోలలో పైడిరాజు తాళి కట్టాడు. అప్పలనర్స తలెత్తి, తెర వైపు కాదు, అతని వైపు చూసింది. ఇంతకాలం కాచుకున్నదంతా ఆ చూపులో తీరిపోయిందనిపించింది అతనికి.

భోజనాల దగ్గర డైరెక్టరు గారు బూరె ముట్టుకోలేదు. "ద్వారము తెరుచుకున్నది. ఇక ఊహించుటకేమున్నది? సంస్థ మూతపడును," అని విస్తరి ముందు దిగులుగా కూర్చున్నారు. మధ్యతరహా ఊహలవాళ్లు కొందరు, మా లైసెన్సులేం కావాలని అటూ ఇటూ తచ్చాడుతున్నారు. పైడిరాజుకి కూడా జాలేసింది. ఎంతైనా తనకి అన్నం పెట్టిన ఆఫీసు.

అప్పుడు ఎదురు బంతిలో సన్యాసమ్మ గొంతు తగ్గించి, అంటే నాలుగు వరసలకే వినబడేలా, పక్కావిడతో అంది. "కొత్త పెళ్లికూతురు ఆవకాయ రెండోసారి ఏయించుకుంది, సూసేవా? వచ్చే మాఘానికల్లా విశేషం."

"మాఘమేటి, నీ మొహం," అంది పక్కావిడ. "నడక చూడు. దానికింకా టైం పట్టుద్ది. ఎంతలేదన్నా వైశాఖం."

"ఆడపిల్లే," అంది మూడో ఆవిడ. "మండపం గడపలో ఎడంకాలు తగిలింది, నేను చూసేను."

పేరు ఏం పెట్టాలన్న దాని మీద అప్పటికే రెండు వర్గాలయ్యాయి. డైరెక్టరు గారి చెవులు నిక్కపొడుచుకున్నాయి. ముఖంలోకి రక్తం వచ్చింది. బూరె ఒకటి అందుకుని, కొరికి, ఆడవాళ్ల బంతివైపు ప్రేమగా తిరిగారు. "అమ్మా, ఈ ఊహలకు మీ వద్ద లైసెన్సులు కలవా?"

సన్యాసమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. సూటిగా పెళ్లికూతుర్నే అడిగేసింది. "ఏమే అమ్మా, ఆయనెవరో కాగితాలంటన్నాడు గాని, నువ్వే సెప్పు. ఎప్పుడూ?"

అప్పలనర్స ఆవకాయ ముద్ద కలుపుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది.

"త్వరలో."

పైడిరాజుకి పొలమారింది. వరహాలరాజు లేచి వచ్చి అతని నెత్తి మీద తట్టాడు. డైరెక్టరు గారు చెయ్యి కడుక్కోకుండానే జేబులోంచి పెన్ను తీసి, సోమవారం పెందలాడే ఆఫీసుకి రమ్మని పైడిరాజుకి సైగ చేశారు.